పెనాల్టీ బాక్సులో రెండు రింగులు

పొద్దున్న ఏడింటికి ఫుట్‌బాల్ గ్రౌండులో సుత్తి చప్పుడు వినిపిస్తే, ఆ గ్రౌండు చూసుకునేవాడికి గుండె చప్పుడు వినిపించదు. అది అప్పటికే ఆగిపోయి ఉంటుంది.

గరిక టీ గ్లాసుతో షెడ్డులోంచి బయటికొచ్చాడు. గోల్‌పోస్టు ముందు, పెనాల్టీ బాక్సు నట్టనడుమ, ఒకమ్మాయి మోకాళ్ల మీద కూర్చుని ఉంది. వెడల్పాటి ఇనప రింగొకటి గడ్డిలో నిలబెట్టి, దాని మీద చెక్క అడ్డం పెట్టి, చెక్క మీద సుత్తితో దబాదబా బాదుతోంది. ఒక్కో దెబ్బకీ ఆ రింగు అతని పచ్చికలోకి రవ్వరవ్వ దిగబడుతోంది.

గ్లాసు ఏమైందో గరికకి గుర్తులేదు. పరిగెత్తాడు. కుడికాలు కాస్త ఈడుస్తుంది కాబట్టి అతనిది ఎప్పుడూ ముప్పావు పరుగే. ఆ రోజు మాత్రం పరుగున్నర.

“ఏవండీ! మేడమ్! పొద్దున్నే ఏంటీ సుత్తి?”

“సుత్తి నా చేతిలో ఉందండీ. మీరు నోటితో మొదలుపెట్టకండి.” తలెత్తకుండానే అంది. దబ్.

“ఇది గోల్‌పోస్టు. మీరు గోలపోస్టు చేసేస్తున్నారు. ఈ గడ్డిని కన్నబిడ్డలా పెంచుకుంటున్నాను తెలుసా?”

“కన్నబిడ్డేగా, అందుకే చెప్పిన మాట వినట్లేదు. చూడండి, పావుగంట నుంచి బాదుతున్నా, రింగు సగం కూడా దిగలేదు. మీ బిడ్డకి చర్మం కాస్త మందం.”

అతని అసలు పేరు హాజరు పట్టీకి తప్ప ఎవరికీ గుర్తులేదు. సన్నగా, పొడుగ్గా ఉంటాడు, ఎంత తొక్కినా మర్నాటికి లేచి నిలబడతాడు. అందుకని ఆటగాళ్లు గరిక అన్నారు. ఇప్పుడు ఆ గరిక నిలువునా వణికిపోతున్నాడు.

“అసలు మీరెవరండీ?”

“క్రీడా సంఘం పంపింది. నేల పరీక్షలు చేసే ఇంజనీరుని. మీ సెక్రటరీ గారు చెప్పలేదా?”

“మా సెక్రటరీ గారు మాకు చెప్పడాలుండవండీ. గడ్డి పెట్టడాలే.”

నవ్వు ఆపుకుంటూ ఆమె ఇంకో దెబ్బ వేసింది. అది చెక్క మీద పడలేదు. బొటనవేలి మీద పడింది. “అమ్మా!” అని ఆమె వేలు నోట్లో పెట్టుకుంటే, అంతసేపూ తిడదామని వచ్చినవాడు పరుగున వెళ్లి పైపు దగ్గర తువ్వాలు తడిపి తెచ్చాడు. తెచ్చాక గుర్తొచ్చింది, తను కోపంగా ఉన్నానని. మొహం మళ్లీ ముడుచుకున్నాడు. అప్పటికే ఆలస్యమైపోయింది. ఆమె చూసేసింది.

పెద్ద రింగు దిగాక దాని లోపల చిన్న రింగు దింపింది. రెండింటిలోనూ నీళ్లు పోసింది.

“రెండు రింగులెందుకండీ? మామూలుగా ఒకటే కదా తొడిగేది?”

“వేలికి ఒకటి చాలు. నేలకి రెండు కావాలి. బయటి రింగులో నీళ్లు పక్కలకి జారుకుంటాయి. లోపలి రింగులో నీళ్లకి కిందికి తప్ప ఇంకో దారి లేదు. అవి గంటలో ఎన్ని మిల్లీమీటర్లు ఇంకాయో ఈ స్కేలు చెబుతుంది.”

“అయితే గంటసేపు...?”

“కూర్చుని చూడటమే.”

ఇద్దరు మనుషుల్ని ఎదురెదురుగా కూర్చోబెట్టి, గంటసేపు కదలకుండా నీళ్లు చూడమనే ఉద్యోగం ఇంకెక్కడా ఉండదు. ఇద్దరివీ నేలచూపులే. ఆమెకి అది వృత్తి, అతనికి అలవాటు. మధ్యమధ్యలో చూపు జారి అవతలివాళ్ల మీద పడితే మాత్రం ఆ తప్పు వృత్తిదీ కాదు, అలవాటుదీ కాదు.

పావుగంటకి గరిక ఉండబట్టలేక అడిగాడు. “ఇంకాయా?”

“ఇంకా ఇంకలేదు.”

“ఇంకెంతసేపు?”

“ఇంకేదాకా.”

గంటయ్యాక ఆమె స్కేలు చూసింది. మొహంలో నవ్వు ఇగిరిపోయింది. “మూడు.”

“మూడంటే మంచిదేనా?”

“పది ఉండాలండీ.” సుత్తి పక్కన పెట్టి, మొదటిసారి అతని కళ్లలోకి సూటిగా చూసింది. “మీకు నిజంగా ఎవరూ చెప్పలేదా? పోయిన సీజన్‌లో నీళ్లు నిలిచి నాలుగు మ్యాచ్‌లు ఆగిపోయాయి. గంటకి పది మిల్లీమీటర్లు ఇంకితే గడ్డి ఉంటుంది. లేదంటే మొత్తం చెక్కేసి ప్లాస్టిక్ గడ్డి పరిచేస్తారు. రెండు వారాల్లో నేను రిపోర్టు ఇవ్వాలి.”

ప్లాస్టిక్ గడ్డికి నీళ్లక్కర్లేదు, ఎరువక్కర్లేదు, కోతక్కర్లేదు. చీపురుంటే చాలు. అంటే గరిక అక్కర్లేదు. అది అతను ఎలాగో తట్టుకుంటాడు. కానీ నాన్న? ముప్పై ఒక్కేళ్లుగా ఈ నేలని తన అరచేతికంటే ఎక్కువగా చూసుకున్న మనిషి. ఆయన చేతిలో చీపురు పెడితే...

గరిక ఆ మిగతా సగం ఊహించలేకపోయాడు.

*

నాన్నని అందరూ రోలర్ మాస్టారు అంటారు. తెల్లవారుజామున అయిదున్నరకి, గడ్డి మీద మంచు ఇంకా ఆరకముందే, ఆయన టన్ను బరువుండే ఇనప రోలర్ని చిన్న ఇంజనుకి తగిలించి గ్రౌండంతా తిప్పుతారు. ఎండొచ్చినా, వానొచ్చినా, ఒంట్లో జ్వరమొచ్చినా సరే. నేల అద్దంలా ఉండాలి. గోలీ వేస్తే గీత గీసినట్టు నేరుగా దొర్లాలి. అది ఆయన పంతం.

ఆయనకీ ఒక శత్రువుంది. పక్షి.

“చూడమ్మా ఇంజనీరమ్మా, ఇక్కడో పక్షి తిరుగుతోంది. ముక్కు జానెడుంటుంది. రోజూ ఏదో ఒక మూల నేలంతా పొడిచి పెడుతుంది. అదీ ఎలాగ? వరసగా! ఒకే దూరంలో, ఒకే లోతున!”

“చదువుకున్న పక్షిలా ఉంది మాస్టారూ,” అంది ఆమె.

“చదువుకుంటే ఉద్యోగం చూసుకోవాలి గానీ నా నేల పొడవడమేంటి? మూడేళ్లుగా పట్టుకుందామని చూస్తున్నా. దొరకదు. పొద్దున్నే నేను రోలర్ తిప్పి చిల్లులన్నీ పూడుస్తా, మధ్యాహ్నానికి మళ్లీ ఎక్కడో పొడిచేస్తుంది.”

గరికకి ఆ క్షణంలో గొంతులో టీ అడ్డం పడి పొలమారింది. ఎవరో తలుచుకుంటున్నారని నాన్న నెత్తిన తట్టారు. తలుచుకుంటున్నది ఆయనే.

అలా మూడు రోజులు ఆమె పొద్దునా సాయంత్రమూ రింగులు దింపుతూనే ఉంది. మొదటిరోజు వాళ్లిద్దరి కేకలూ విని, “వీళ్ల మధ్య పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుంది” అన్నాడు గోల్‌కీపర్. మూడోరోజుకి అదే గోల్‌కీపర్ మాట మార్చాడు. “మన దగ్గర ఉన్నదంతా పచ్చగడ్డే కదరా. మంటేదీ? పొగే కనిపిస్తోంది.”

మూడోరోజు సాయంత్రం చిన్న వాన పడింది. ఇద్దరూ స్కోర్‌బోర్డు కింద నిలబడ్డారు. గ్రౌండులో ఎక్కడ నీళ్లు నిలుస్తున్నాయో చూస్తూ ఆమె కాగితం మీద గుంటల గుర్తులు వేసుకుంటోంది. గరిక ఆమె బుగ్గ మీద పడే సొట్టని చూస్తున్నాడు. ఎవరి గుంటల సర్వే వాళ్లది.

“గరిక గారూ, వాన మీకిష్టమేనా?”

“కిటికీలోంచి చూసేవాళ్లకి ఇష్టం. నాకు భయం. పడ్డ ప్రతి చుక్కా ఎక్కడికి పోతుందా అని లెక్క.”

“నాకూ అంతే. పెళ్లిచూపులకి వచ్చినాయన ‘వానంటే ఇష్టమా’ అని అడిగితే, ‘గంటకి ఎన్ని మిల్లీమీటర్లు’ అన్నా. లేచి వెళ్లిపోయాడు.”

“పాపం, ఇంకలేదన్నమాట.”

ఆమె పకపకా నవ్వింది. వానకీ ఆ నవ్వుకీ మధ్య గరిక తడిసి మోపెడయ్యాడు. స్కోర్‌బోర్డు కింద నిలబడే.

నవ్వు ఆగాక ఆమె మొహం మారింది. “ఒక్కటి మాత్రం నాకు అర్థం కావట్లేదు. అదే చోట పొద్దున్న మూడు వస్తోంది, సాయంత్రం పద్నాలుగు. నేల ఇలా పూటకోమాట చెప్పదు. మనుషులే చెబుతారు.”

గరిక నీళ్లు నమిలాడు. నోట్లో నీళ్లు లేకపోయినా.

*

నాలుగోరోజు మధ్యాహ్నం ఒంటిగంటకి, గ్రౌండులో ఎవరూ ఉండరనుకున్న వేళకి ఆమె వచ్చింది. పెనాల్టీ బాక్సులో గరిక ఉన్నాడు. చేతిలో నాలుగు ఇనప ముళ్ల పొడుగాటి ఫోర్కు. కాలితో తొక్కి నేలలోకి జానెడు దింపడం, కాస్త కదపడం, పైకి లాగడం, అడుగు వెనక్కి వేయడం. వరసగా. ఒకే దూరంలో. ఒకే లోతున.

“పక్షి గారూ!”

గరిక ఫోర్కు మీది కాలు అలాగే ఉంచి తలెత్తాడు.

“సిగ్గులేదా మీకు? పరీక్షకి ముందే నేలకి చిల్లులు పెట్టి పేపరు లీక్ చేస్తారా? పొద్దున్న మూడు, సాయంత్రం పద్నాలుగు! నేను నా లెక్క తప్పిందేమోనని మూడు రోజులుగా బుర్ర బద్దలు కొట్టుకుంటున్నా. మిమ్మల్ని మంచివాళ్లనుకున్నానే!” ఆ చివరి మాట అనేసినందుకు ఆమెకి తన మీదే కోపం వచ్చింది.

“మేడమ్, ఒక్క మాట...”

“ఇదంతా రిపోర్టులో రాస్తాను. సెక్రటరీ గారికి చెబుతాను.”

“రాయండి. కానీ ఇది మీ పరీక్ష కోసం కాదండీ. మా నాన్ననే అడగండి. ఆ పక్షి ఎన్నాళ్లుగా వస్తోందన్నారు ఆయన?”

ఆమె ఆగింది. “మూడేళ్లు.”

“మూడేళ్లుగా ఆయన భోంచేసి కునుకు తీసే ఈ గంటన్నరా నేను పొడుస్తున్నా. రోజుకో ముక్క, ఈ వారం ఈ పెనాల్టీ బాక్సు వంతు. నేల ఊపిరాడక చస్తోంది మేడమ్. తడినేల మీద రోజూ టన్ను బరువు తిరిగితే ఏమవుతుంది? పైపొర ఇటుకైపోయింది. దాని మీద వాన పడితే దున్నపోతు మీద పడ్డట్టే. నేను మధ్యాహ్నం తెరుస్తాను, ఆయన పొద్దున్న మూసేస్తారు.”

“మరి రోలర్ ఆపమని చెప్పొచ్చుగా?”

గరిక ఫోర్కుని నేలలో గుచ్చి దాని మీద గడ్డం ఆనించాడు.

“పదిహేడేళ్లప్పుడు నేనిక్కడే ఆడేవాణ్ని. పరుగులో నన్ను పట్టుకునేవాళ్లు లేరు. అదిగో, ఆ మూల చిన్న గుంట ఉండేది. వాన వెలిసిన సాయంత్రం. కాలు అందులో పడింది. చీలమండ విరిగింది. ఆట అక్కడితో సరి.” అతను తన కుడికాలిని ఎవరిదో అయినట్టు చూశాడు. “నాన్న ఒక్క మాట అనలేదు. బాధపడకు అనలేదు, తప్పు నాది అనలేదు. ఏమీ లేదు. మర్నాడు తెల్లవారుజామున రోలర్ చప్పుడు వినిపించింది. అప్పట్నుంచి ఎనిమిదేళ్లుగా ఒక్కరోజు కూడా ఆగలేదు. ఆ చప్పుడేంటో తెలుసా మేడమ్? సారీ చెప్పడం. మా నాన్నకి నోటితో చెప్పడం రాదు, రోజూ టన్ను బరువుతో చెబుతారు. దాన్ని ఆపమని నేనెలా చెప్పను?”

ఆమె రింగుల సంచీ కింద పెట్టింది. “ఆ ఫోర్కు ఇలా ఇవ్వండి” అని అడిగి తీసుకుని, కాలితో తొక్కింది. దిగలేదు. రెండు కాళ్లతో ఎక్కి నిలబడింది. ఊగింది. గరిక పడిపోకుండా పట్టుకున్నాడు. అప్పుడు దిగింది.

“నాలుగు వేళ్ల మందం,” అంది ఆమె. “ఆ కిందంతా మంచి నేలే. మెత్తగా ఉంది. పైనే ఇలా.”

“మా నాన్నా అంతేనండీ. పైనే గట్టి, లోపల...”

“ఓహో!”

ఆ ‘ఓహో’ వెనకనుంచి వచ్చింది. రోలర్ మాస్టారు. చేతిలో వాలీబాల్ నెట్టు. ఆ రోజు కునుకు మానుకుని, పక్షిని పట్టడానికే వచ్చారు.

“ఒక్క పక్షే అనుకున్నా. జంటా?” అని నవ్వబోయి, ఆయన ఫోర్కు చూశారు. తర్వాత నేలకేసి చూశారు. వరసగా చిల్లులు. వంగి ఒక చిల్లులో వేలు పెట్టి చూశారు. నవ్వు అక్కడే ఆగిపోయింది.

“నువ్వా?”

“నేనే నాన్నా.”

“మూడేళ్లుగానా?”

“ఊఁ.”

“నేను రోజూ పొద్దున్నే పూడుస్తున్నది... నువ్వు పొడిచినవేనా?”

“నీళ్లు దిగట్లేదు నాన్నా. రోలర్ వల్ల. రెండు వారాల్లో పది రాకపోతే గ్రౌండు ప్లాస్టిక్ అయిపోతుంది.” ఇంత చిన్న మాటకి అతనికి మూడేళ్లు పట్టింది. ఇంకా ఏదో చెప్పబోయాడు. నాన్న వినలేదు. నెట్టు చుట్టుకుంటూ షెడ్డు వైపు నడిచి వెళ్లిపోయారు. ఆ నడకలో వయసు ఒక్కసారిగా కనిపించింది.

“నేనుండాల్సింది కాదు,” అంది ఆమె.

“మీరు లేకపోతే ఇంకో మూడేళ్లు పట్టేది,” అన్నాడు గరిక. అందులో జోకు లేదు.

*

మర్నాడు అయిదున్నరకి గరికకి మెలకువ వచ్చింది. చప్పుడుకి కాదు. చప్పుడు లేకపోవడానికి.

చెప్పులు కూడా వేసుకోకుండా గ్రౌండుకి వచ్చాడు. పెనాల్టీ బాక్సులో నాన్న ఉన్నారు, పక్కన ఇంజనీరమ్మ ఉంది. రాత్రే ఆమెకి ఫోన్ చేసి పిలిచారట. రెండు జతల రింగులు దించి ఉన్నాయి. ఒకటి నిన్నటిదాకా రోలర్ తిరిగిన చోట, రెండోది నిన్న పక్షి పొడిచిన చోట.

“నీళ్లు నేను పోస్తానమ్మా,” అన్నారు నాన్న. రెండింటిలోనూ సమానంగా పోశారు. గొంతుక్కూర్చున్నారు. గంటసేపు ఆయన రెప్ప వేశారో లేదో చెప్పడం కష్టం.

పక్షి పొడిచిన చోట నీళ్లు మెల్లగా, మర్యాదగా, సెలవు తీసుకుంటున్నట్టు కిందికి దిగాయి. రోలర్ తిరిగిన చోట నీళ్లలో ఆకాశం కనిపిస్తూ ఉండిపోయింది.

“అద్దంలా ఉండాలనుకున్నా,” అన్నారాయన ఆ నీళ్ల వంక చూస్తూ. “అద్దమే చేశానే!”

ఆయన కొడుకు వైపు తిరిగారు.

“గుంట ఉండబట్టే నీ కాలు విరిగిందనుకున్నాన్రా. మళ్లీ ఎవరికీ గుంట కనపడకూడదనుకున్నా. నీటికి దిగే దారి కూడా లేకుండా చేస్తున్నానని...” మాట పూర్తి చేయలేదు. కొడుకు కుడికాలి వంక చూశారు. ఎనిమిదేళ్లలో అలా తిన్నగా చూడటం అదే మొదలు. “ఇంకా నొప్పి పెడుతోందా?”

“వాన పడే ముందు కొంచెం.”

“మరి చెప్పవేం?”

“నువ్వు అడగలేదుగా నాన్నా.”

ఇంజనీరమ్మ స్టాప్‌వాచ్ వైపు అంత శ్రద్ధగా చూడటం చూస్తే, అందులో ఏదో సినిమా ఆడుతోందనుకోవాలి. కళ్లు మాత్రం తుడుచుకుంది.

ఆ రోజే రోలర్ షెడ్డు వెనక్కి వెళ్లింది. ఆటగాళ్లందరూ ఫోర్కులు పట్టారు. చిల్లులు పొడవడం, మళ్లీ మూసుకుపోకుండా వాటిలో గరుకిసుక చీపుళ్లతో ఊడ్చి నింపడం. పదిరోజులు. ముందు వరసలో నాన్న. ఒంటిమీద ఇసుకతో, ముప్పై ఏళ్లు చిన్నవాడైపోయినట్టు.

ఇంజనీరమ్మ బెంచీ మీద కూర్చునేది. “పరీక్ష పెట్టేదాన్ని. చేయి వేయకూడదు” అనేది. అక్కడి నుంచే, “ఆ వరస వంకర! ఆ చిల్లులో ఇసుక చాల్లేదు!” అని అరిచేది.

“చేయి వేయనంటావు, నోరు మాత్రం వేస్తున్నావేంటమ్మా?” అనేవారు మాస్టారు.

*

రిపోర్టు రోజుకి ముందు రోజంతా వాన. నేల తాగాల్సినంతా తాగి ఉంది. అలాంటప్పుడు పరీక్ష అంటే, కడుపునిండా భోంచేసినవాడికి మళ్లీ విస్తరి వేయడమే.

“రెండు రోజులు ఆగొచ్చు కదండీ?” అన్నాడు గరిక.

“తేదీ ఇవాళే. వానలోనే కదా గ్రౌండు పనిచేయాల్సింది.”

సెక్రటరీ గారు వచ్చారు. చంకలో ప్లాస్టిక్ గడ్డి ముక్క, చాప చుట్టలా. గొడుగు కింద నిలబడి గడియారం చూస్తున్నారు. ఆటగాళ్లు, మాస్టారు, గరిక రింగుల చుట్టూ చేరారు. గోల్‌కీపర్ రింగులోకి వంగి, “దిగండ్రా బాబూ, మీకు దణ్ణం పెడతా” అని నీళ్లని బతిమాలుకున్నాడు.

గంటయింది. ఆమె స్కేలు చూసింది. మళ్లీ చూసింది.

“తొమ్మిది.”

గరికకి కాళ్లకింద అంత కష్టపడి మెత్తబరిచిన నేల కదిలినట్టయింది. “సరిగ్గా చూడండి మేడమ్. తొమ్మిదిన్నరేమో. ముప్పావేమో.”

“తొమ్మిదే గరిక గారూ.”

ఆమె పెన్ను తీసి తొమ్మిది అని రాసింది. అంకె వంకర పోలేదు. అన్ని రోజుల పరిచయం, అన్ని టీలు, ఆ స్కోర్‌బోర్డు కింద వాన, అన్నీ ఆ ఒక్క మిల్లీమీటరు ముందు నిలబడి ఉన్నా ఆమె దాన్ని కలపలేదు. గరికకి ఆమె మీద ఎంత కోపం వచ్చిందో! ఆ కోపం మధ్యలోనే ఇంకొకటి కూడా అర్థమైంది. ఈ అమ్మాయి తనతో ఎప్పుడైనా ‘బాగుంది’ అంటే, అది నిజంగా బాగున్నట్టే. అలాంటి మనిషి ఇంకొకరు దొరకరు.

“పదికి ఒకటి తక్కువ!” సెక్రటరీ గారు సంబరంగా చాప విప్పబోయారు.

“సార్, ఒక్క నిమిషం.” ఆమె లేచి నిలబడింది. “రెండు వారాల కింద ఇక్కడ పొద్దున్న మూడు. ఇవాళ, వాన కురిసిన మర్నాడు, తొమ్మిది. కారణం దొరికింది, మందు పడుతోంది. రెండూ రాశాను. ఇంకోటి. మీరు పరిచే ప్లాస్టిక్ గడ్డి నీళ్లు తాగదు, కిందికి వదులుతుంది. కింద ఈ ఇటుక పొర అలాగే ఉంటే దాని మీద కూడా నీళ్లు నిలుస్తాయి. అప్పుడు మ్యాచ్ ఆగడమే కాదు, చాప తేలుతుంది. ఏది పరవాలన్నా ముందు నేల బాగుపడాలి. అందుకు ఒక సీజన్ గడువివ్వాలని నా సిఫార్సు.”

సెక్రటరీ గారు చాప వైపు చూశారు, నేల వైపు చూశారు. “సంఘానికి పంపించండి. వాళ్లు చూసుకుంటారు” అని చుట్ట మళ్లీ చంకన పెట్టుకున్నారు.

ఆమె రింగులు కడిగి సంచీలో వేసుకుంది. గరిక సాయం చేయబోయాడు. “వద్దండీ” అంది. మొహం చూడకుండానే వెళ్లిపోయింది.

*

ఆ తర్వాత ఆరోరోజున సంఘం నుంచి ఉత్తరం వచ్చింది. మాస్టారు కళ్లజోడు పెట్టుకుని షెడ్డులో అందరి ముందూ గట్టిగా చదివారు. ఒక సీజన్ గడువు. ప్లాస్టిక్ పరిచే ఆలోచన ప్రస్తుతానికి పక్కకి. నెలకోసారి పరీక్ష.

ఆటగాళ్ల కేకలకి షెడ్డు పైకప్పు లేచిపోయేదే. నాన్న కొడుకుని గట్టిగా వాటేసుకున్నారు. నోటితో చెప్పలేనివన్నీ ఆయన ఈసారి చేతులతో చెప్పారు. టన్ను బరువులో సగమైనా ఉంటుంది.

“ఇంకో లైనుంది,” అన్నాడు గోల్‌కీపర్, ఉత్తరం అందుకుని. “‘ప్రస్తుత ఇంజనీరు తమ కోరిక మీద తప్పుకున్నందున, ఇకపై పరీక్షలు మరొకరు చేస్తారు.’”

గరిక నీరుగారిపోయాడు. తమ కోరిక మీద! తొమ్మిదిని తొమ్మిదిన్నర చేయమన్నందుకే. అంత నిక్కచ్చి మనిషిని అలా అడిగిన తన నోరు పడిపోను!

ఆ సాయంత్రమే ఆమె వచ్చింది. సంచీ లేదు, సుత్తి లేదు, బురద బూట్లు లేవు. చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని గడ్డి మీద నడిచి వచ్చింది. మాస్టారు కాస్త దూరంలో సున్నపు బండి తోస్తూ ఆదివారం మ్యాచ్‌కి టచ్‌లైన్ గీస్తున్నారు.

“ఉత్తరం వచ్చిందా?” అంది.

“వచ్చింది. మా గ్రౌండు మీకొద్దట కదా.”

“గ్రౌండు పరీక్ష వద్దన్నాను.”

“నేను ఆ రోజు అలా అడగాల్సింది కాదండీ. తప్పే. దానికి ఇంత శిక్షా?”

“అందుకు కాదు. మా ఆఫీసులో ఒక రూలుంది. పరీక్ష పెట్టేవాళ్లకీ, రాసేవాళ్లకీ చుట్టరికం ఉండకూడదు.”

“మనకి చుట్టరికమేముందండీ?”

“ఇవాళ్టికి ఏమీ లేదు.” ఆమె కాలి బొటనవేలితో గడ్డిని రాస్తూ నిలబడింది. “కానీ చుట్టరికం కలిసే అవకాశం ఉన్నా సరే, ముందుగానే రాసివ్వాలి. రాసిచ్చేశాను.”

గరికకి మాటకి మాట అప్పజెప్పడం పుట్టుకతో వచ్చిన విద్య. ఆ విద్య ఆ క్షణంలో అతన్ని వదిలేసి ఎటో వెళ్లిపోయింది. “అంటే... మీరు... అంటే, మీ ఆఫీసులో...”

“రిజిస్టరులో ఎక్కింది. సంతకం, స్టాంపూ అయ్యాయి.”

“నాకు చెప్పకుండానా?”

“ఆఫీసుకి ముందు చెప్పాలి, రూలు. మీకు ఇప్పుడు చెబుతున్నాగా.”

“నేను ఒప్పుకోకపోతే?”

“‘అవకాశం ఉంది’ అనే రాశాను. ‘ఖాయం’ అని రాయలేదు. ఉన్నంతే రాస్తాను నేను. మీకు తెలుసుగా.”

తెలుసు. ఆమె చేతిలో మిల్లీమీటరు అటూ ఇటూ అవదని అతనికి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

“మరి ఖాయం అని ఎప్పుడు రాస్తారు?”

“మీరు చెప్పగానే.”

గరిక గాలి పీల్చుకున్నాడు. “రాసేయండి.”

ఆమె బుగ్గ మీద సొట్ట పడింది. ఈసారి అది చూసినందుకు అతను తలదించుకోలేదు.

కాస్త దూరంలో సున్నపు బండి కిర్రుమని ఆగింది. మాస్టారు పరాయి మనిషిలా ఆకాశం వైపు చూస్తూ, గొంతు సవరించుకుని, బండి మళ్లీ తోశారు. చెవులు రెండూ ఇటే ఉండటంతో చేతులు వాటి వెంటే వచ్చాయి. ముప్పై ఒక్కేళ్లలో నూలు పట్టినట్టు గీసిన ఆ టచ్‌లైన్ మొదటిసారి మెలి తిరిగి, వాళ్లిద్దరూ నిలబడ్డ వైపు జానెడు జరిగింది.

ఆదివారం రెఫరీ దాన్ని చూసి ఈల నోట్లోంచి తీశాడు. “ఏంటి మాస్టారూ, ఈ గీత ఇలా వంకరపోయింది?”

“దాన్ని ముట్టుకోకండి సార్,” అన్నారు మాస్టారు. “అది గీత కాదు. మా ఇంటి శుభలేఖ.”